అవతలి సగం వాళ్ళు

బ్రిటన్ దేశం మొత్తం మీద యోకుట్స్ భాష మాట్లాడగలిగిన తెలుగువాణ్ని నేనొక్కణ్నే. ఈ సంగతి లండన్‌లో, మా వెంబ్లీలో నన్నెరిగిన వాళ్ళందరికీ తెలుసు, ఎందుకంటే నేనే చెప్పాను. పెళ్ళి భోజనాల దగ్గర చెప్పాను, డాక్టరు సర్జరీలో నా వంతు కోసం కూర్చున్నప్పుడు పక్క కుర్చీ ఆయనకు చెప్పాను, ఒకసారి పళ్ళ డాక్టరు నోట్లో చెయ్యి పెట్టి ఉండగానే చెప్పబోయాను. వాళ్ళెవరండీ అని అడిగేవారు. అడగాలనే గదా చెప్పడం. అమెరికాలో కాలిఫోర్నియా నడిమధ్యన ఒక పెద్ద లోయ ఉంది, తెల్లవాళ్ళు రావడానికి ఎంతో ముందు నుంచీ ఆ లోయలోనూ దాని పక్క కొండల్లోనూ ఉన్న జనం యోకుట్స్ వాళ్ళు, తుంగతో ఇళ్ళు కట్టుకునేవారు, ఓక్ కాయలు దంచి చేదు పోయేదాకా నీళ్ళతో కడిగి జావ కాచేవారు, కాచేది కుండలో కాదు, నీళ్ళు కారనంత బిగువుగా అల్లిన బుట్టలో కాలిన రాళ్ళు వేసి, అని మొదలుపెట్టేవాణ్ని. ఎదుటివాడు నమ్మనట్టు కనిపిస్తే నాలుగు ముక్కలు ఆ భాషలోనే వదిలేవాణ్ని. వెంబ్లీలో వాటిని తప్పని చెప్పగలవాడు లేడు. ఆ ధైర్యం మీదే నా పేరు నిలబడింది.

పోయిన నెల మా మనవరాలు మేఘ ఫోన్ చేసింది. అది యూనివర్సిటీలో భాషాశాస్త్రం చదువుతోంది. ఇక్కడే పుట్టింది కనుక నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో చెబుతుంది, మధ్యలో నా మీద జాలి కలిగితే రెండు తెలుగు ముక్కలు వేస్తుంది.

“తాతా, ఆర్ యూ సిటింగ్ డౌన్?”

“నేను కుదురుగా కూర్చుని చాలా కాలమైంది. చెప్పు.”

“ఈ వీక్ మా అసైన్‌మెంట్ యోకుట్స్. యువర్ యోకుట్స్. ఐ థాట్ యూ మేడ్ దెమ్ అప్.”

ఇన్నాళ్ళూ నేను ఒక జాతిని జాతినే కల్పించి చెబుతున్నాననుకుందన్నమాట. కోపం రావాలి గాని నాకు గర్వం వచ్చింది. అంత కల్పించగలనని నమ్మింది మరి.

“మా సెమినార్‌లో నువ్వు వీడియోలో రావాలి, తాతా. ఆ కార్డిఫ్ హౌస్ స్టోరీ చెప్పు, మొహం కడిగే స్టోరీ. బట్ మా ట్యూటర్ అడిగింది, అది నిజమని చెప్పేవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా అని.”

“ఎందుకు లేరు. రాహేలక్క ఉంది.”

“ఓ, షీ ఈజ్ స్టిల్ అలైవ్?”

“అలైవ్ ఏమిటి, ఇప్పటికీ బస్సెక్కి చర్చికి వెళ్తుంది.”

“దెన్ గెట్ హర్ టు సే ఇట్. ప్లీజ్.”

ఫోన్ పెట్టేశాక అది ఒక వీడియో పంపింది. కాలిఫోర్నియాలో ఒక యోకుట్స్ ఆవిడ, నాకన్నా కొంచెం చిన్నదేమో, క్లాసులో పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని ఆ భాషలో ఏదో కథ చెబుతోంది. పిల్లలు నవ్వుతున్నారు. నేను చెవి దగ్గర పెట్టుకుని విన్నాను, వెనక్కి జరిపి మళ్ళీ విన్నాను, హియరింగ్ ఎయిడ్ సర్ది మళ్ళీ విన్నాను. ఒక్క మాట అంటే ఒక్క మాట అర్థం కాలేదు.

అందుకని ఇప్పుడు ఒప్పుకుంటాను. నాకు యోకుట్స్ భాష రాదు. ఎప్పుడూ రాలేదు. వేల్స్‌లోని కార్డిఫ్‌లో నేనూ భాషాశాస్త్రం చదువుకునే రోజుల్లో మా మేష్టారు ఒక కాగితం ఇచ్చారు, దాని మీద ఆ భాషలో కొన్ని క్రియలు, వాటి రూపాలు. ఖత్‌హిన్ అంటే తిన్నాడు, ముత్‌హున్ అంటే ఒట్టుపెట్టాడు. మన పిల్లికి ‘కి’ చేరి, గురువుకు ‘కు’ చేరినట్టే అక్కడా మాటలోని అచ్చును బట్టి చివర మారుతుంది. క్లాసులో ఇంగ్లీషు పిల్లలు తలలు పట్టుకుంటుంటే నాకది ఇంట్లో మాట్లాడుకునేదానిలా తోచింది. ముందుగా ముగించాను. మేష్టారు మెచ్చుకున్నారు. దాంతో ఆగితే నేను నేనే కాను. సూత్రం తెలిసింది గదా అని కాగితంలో లేని రూపాలు కూడా నేనే తయారుచేసి పెళ్ళి భోజనాల దగ్గర వాడుతూ వచ్చాను. అలాంటి మాటలు ఆ లోయలో ఎవరైనా ఎన్నడైనా అన్నారో లేదో నాకు తెలియదు. అంతకన్నా సిగ్గుపడవలసింది ఇంకొకటి. నేనెప్పుడూ వాళ్ళ గురించి ‘ఉండేవారు, కాచేవారు, అల్లేవారు’ అనే చెప్పాను. వాళ్ళు ఉన్నారు. లోయలో వాళ్ళ ఊళ్ళలో ఉండి, పిల్లలకు కథలు చెబుతూ, ఆ పిల్లల్ని నవ్విస్తూ ఉన్నారు. వాళ్ళను పోయినవాళ్ళ కింద జమకట్టింది నేను.

అయితే ఆ కార్డిఫ్ ఇంటి కథ మాత్రం వేరు, అది నిజం, దానికి మనిషి సాక్షి ఉంది అని నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకున్నాక నిలవలేకపోయాను. వంటింట్లోకి వెళ్ళి ఎందుకొచ్చానో మరిచిపోయి తిరిగొచ్చాను. హై రోడ్డు మీదికి వెళ్ళి అవసరం లేని బెండకాయలు కొన్నాను. భాష పోయింది, ఇక మిగిలింది ఆ ఒక్క కథే. అదీ కాస్త అటూ ఇటూ అయితే మేఘ దగ్గర నేను ఉత్త కోతల తాతనే. మర్నాడు పొద్దున్నే కార్డిఫ్ పోయే కోచ్ బస్సు ఎక్కాను. కోచ్‌లో మూడు సీట్లు మారాను. నా వెనక కుర్రాడు ఇయర్‌ఫోన్లు తీసి, “ఆర్ యూ ఆల్ రైట్, అంకుల్?” అని అడిగాడు. హౌన్స్‌లోలో ఉంటాడట, మన అనంతపురం పిల్లాడే. ఏమీ లేదు బాబూ, ఒక కథకు సాక్షి సంతకం పెట్టించడానికి పోతున్నాను అన్నాను. వాడు మళ్ళీ ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు.

నా కథలోని ఆ ఇల్లు కార్డిఫ్‌లో వరసగా అంటుకుని కట్టిన ఇళ్ళలో ఒకటి. నేను చదువుకోవడానికి తెనాలి నుంచి వచ్చి స్టేషన్‌లో దిగిన రోజున నన్ను వెతుక్కుంటూ వచ్చి, తన చేతి మీదున్న రెండో కోటు నాకు తొడిగి, వెనక గదిలోకి తీసుకుపోయింది బావగారు. రాహేలక్క భర్త. నాకు చుట్టం కాదు, మతం కూడా ఒకటి కాదు, ఎవరో పరిచయస్తుల మాట మీద వచ్చారంతే. నర్సాపురంలో బడిపంతులు, ఇక్కడ బస్సు కండక్టరు. అక్క ఆసుపత్రిలో నర్సు, ఎక్కువ రాత్రి డ్యూటీలు. బావగారి తల్లి, నేను మామ్మగారనేవాణ్ని, కొడుకు పిలిస్తే వచ్చి ఉండిపోయారు. ఇంట్లో అడుగు పెట్టగానే ముందు కిరసనాయిలు హీటరు వాసన, దాని వెనక ఆరని కోట్ల వాసన, ఇంకా లోపలికి పోతే ఆవాలూ వెల్లుల్లీ వేసిన తాలింపు. గోంగూర దొరకదని మామ్మగారు ఇక్కడి తోటల్లో దొరికే పుల్లటి రూబార్బ్ కాడలు తరిగి ఎండుమిరపకాయలతో నూరేవారు. మొదటిసారి తిన్నప్పుడు, “ఎలా ఉందబ్బాయ్?” అని అడిగారు. గోంగూరలా లేదండి అన్నాను. “ఆయ్, ఇది గోంగూరలా ఉండదు. గోంగూర లేదన్న సంగతి మరిచిపోయేలా ఉంటుంది, అంతే,” అన్నారు.

ఆ ఇంట్లో పొద్దున ఒకరు నిద్రలేస్తే ఒకరు నిద్రపోయేవారు. అక్క డ్యూటీ దిగి వచ్చేసరికి బావగారు యూనిఫాం వేసుకుని సిద్ధంగా ఉండేవారు. ఇద్దరూ కలిసేది వంటింటి బల్ల దగ్గర, ఒక టీ తాగినంతసేపు. ఆ టీ కోసం బావగారు రోజూ ముందు లేచి, అక్క కప్పు వేడినీళ్ళతో కడిగి పెట్టేవారు. నేను ఆ సమయానికి కావాలనే వంటింట్లోకి పోయేవాణ్ని కాదు, గుమ్మం అవతల కూర్చుని బూట్లకు పాలిష్ వేసుకునేవాణ్ని. సాయంత్రం కుటుంబ ప్రార్థన. నేను ఆ మతం వాణ్ని కాకపోయినా నన్నూ కూర్చోబెట్టేవారు. ప్రార్థనలో నా పరీక్షలు కూడా చేర్చేవారు మామ్మగారు, పేపరు పేరుతో సహా. మా ఇంట్లో అమ్మ కూడా అంత వివరంగా దేవుడికి చెప్పి ఉండదు.

ఒక చలికాలం పొద్దున బావగారు బస్సు డిపోలో కోటు తొడుక్కుంటూ పడిపోయారు. ఆసుపత్రికి తీసుకుపోయేసరికే అయిపోయింది. ఊరి చివర సిమెట్రీలో మట్టి చేశారు. ఆ తరవాత ఇంట్లో మొదలైంది అసలు కష్టం. మామ్మగారికి కొడుకు పేరు పలకకుండా ఊపిరాడేది కాదు. ప్రార్థనలో పేరు, అన్నం వడ్డిస్తూ పేరు, మెట్లెక్కుతూ పేరు. రాహేలక్క ఆ పేరు చెవిన పడితే నిలబడలేకపోయేది. చేతిలో ఉన్నది కింద పెట్టి బయటికి పోయేది. తరవాత తరవాత ఇంట్లో తినడం మానేసింది, ఆసుపత్రి డ్యూటీల జాబితాలో ఎవరు సెలవు పెట్టినా ఆ డ్యూటీ తానే తీసుకునేది. ఒకనాడు సాయంత్రం డ్యూటీకి వెళ్తూ గుమ్మంలో బెల్టు బిగించుకుంటూ నాతో అన్న మాటలు బాగా గుర్తు.

“తమ్ముడూ, అత్తయ్యకి టికెట్ తీస్తున్నాను. నర్సాపురంలో మా మరిది ఉన్నాడు, చూసుకుంటాడు.”

“వెళ్తానన్నారా అక్కా?”

“అడగలేదు. ఈ ఇంట్లో ఇద్దరం బతకలేం. ఆవిడ ఆ పేరు అనకుండా ఉండలేదు, నేను విని ఉండలేను.”

మామ్మగారికి విషయం చెప్పింది అక్క కాదు, నేను. నేను చెప్పకూడదు, కాని నా నోరు ఎప్పుడు ఆగింది. ఆవిడ కత్తిపీట ముందు కూర్చుని ఉన్నారు, లేవలేదు. “నా కొడుకు ఇక్కడ మట్టిలో ఉంటే నేను నర్సాపురంలో ఏం చెయ్యను అబ్బాయ్,” అన్నారు. అంతే. కాడలు తరగడం మాత్రం ఆపలేదు.

ఇక్కడి నుంచీ నా కథ. వెంబ్లీలో అందరికీ చెప్పేది, మేఘకు నచ్చేది ఇదే. ఆ రోజుల్లో నేను ఆ యోకుట్స్ కాగితం పట్టుకునే తిరుగుతున్నాను గనక లైబ్రరీలో వాళ్ళ ఆచారాల గురించి ఒక పెద్ద గ్రంథమంతా చదివేశానని చెబుతుంటాను. నిజానికి నిలబడి రెండు పేజీలు తిరగేశాను. అందులో ఉన్నదిది. లోయలో చాలా ఊళ్ళలో యోకుట్స్ వాళ్ళు రెండు సగాలుగా ఉంటారు, పుట్టినవాడు తండ్రి సగానికి చెందుతాడు. పోయినవాళ్ళ పేరు పైకి అనరు. అదే పేరు ఊళ్ళో ఇంకొకరికి ఉంటే వాళ్ళను వేరే పేరుతో పిలుస్తారు. దుఃఖంలో ఉన్నవాళ్ళు మాంసం తినరు, ఆటపాటలకు పోరు. చివరికి అందరూ చేరి పెద్దగా ఏడ్చే వేడుక ఒకటి చేస్తారు. అది ముగిశాక అవతలి సగం వాళ్ళు వచ్చి ఈ సగం వాళ్ళ మొహాలు కడుగుతారు. దుఃఖంలో ఉన్నవాడు తన మొహం తాను కడుక్కుంటే చెల్లదు, తన సగం వాడు కడిగినా చెల్లదు. అవతలివాళ్ళే కడగాలి. చెల్లదనే మాట ఆ పేజీల్లో ఉందో నేను చేర్చానో ఇప్పుడు చెప్పలేను.

ఒక ఆదివారం వాళ్ళిద్దరూ బల్లకు చెరో పక్కన మొహాలు తిప్పుకుని కూర్చుని ఉండగా నేను ఈ ఆచారాన్ని ఎత్తుకున్నాను. పేరు అనకపోవడం మరిచిపోవడం కాదని, అదీ ఒక మర్యాదేనని మామ్మగారికి చెప్పాను. ఆ మర్యాదకు ఒక ముగింపు ఉంటుందని, ఆ తరవాత పేరు మళ్ళీ నోటికి రావచ్చని అక్కకు చెప్పాను. మీరిద్దరూ ఒకే సగం, అందుకే ఒకరినొకరు ఓదార్చుకోలేకపోతున్నారు, ఇందులోకి అవతలి సగం మనిషి రావాలి అని తీర్పు చెప్పాను. పక్కింటి గ్వెన్‌ను ఎంచుకున్నది నేనే. గ్వెన్ వెల్ష్ ఆవిడ, మామ్మగారి ఈడుది, ఒంటరి. నేనూ గ్వెనూ అవతలి సగమని ప్రకటించాను. ఆ శనివారం గ్వెన్ ఇత్తడి గిన్నెలో గోరువెచ్చని నీళ్ళూ తెల్లటి ఫ్లానెల్ గుడ్డా తెచ్చింది. ముందు మామ్మగారి మొహం కడిగింది, తరవాత అక్క మొహం. నేను పక్కన నిలబడి ఓక్ కాయల జావ కలిపి పెట్టాను. అది ఓక్ కాయల జావ అని చెబుతుంటాను గాని, ఓట్స్‌తో కాచే మామూలు పోరిడ్జ్. మామ్మగారు దాన్ని ఆవకాయతో తిన్నారు. బావగారు పోయాక అత్తాకోడళ్ళు ఆ బల్ల దగ్గర మొదటిసారి కలిసి తిన్నారు. టికెట్ రద్దయింది. మామ్మగారు ఇంకా చాలా ఏళ్ళు బతికి, కొడుకు పక్కనే ఆ మట్టిలో కలిశారు. యోకుట్స్ వాళ్ళు కార్డిఫ్‌లో ఒక ఇల్లు నిలబెట్టారు, నా చేత, అని ముగిస్తాను. జనం చప్పట్లు కొట్టిన సందర్భాలు కూడా ఉన్నాయి.

రాహేలక్క ఇప్పుడు, తరవాత పెంచుకున్న కూతురి ఇంటికి దగ్గర్లో కింది అంతస్తు, కౌన్సిల్ వాళ్ళు అద్దెకిచ్చిన ఫ్లాట్‌లో ఉంటోంది. కోచ్ దిగి వెళ్ళేసరికి ఉతికిన బట్టలు మడత పెడుతోంది. ఇన్నేళ్ళయినా ఆసుపత్రి దుప్పట్ల మడత ఆ చేతిని వదల్లేదు. హీటింగ్ వేడికి గదిలో ఏ వాసనా లేదు. కిరసనాయిలు పోయింది, తడి కోట్లు పోయాయి. కూతురు మైక్రోవేవ్‌లో వేడి చేసుకోమని పెట్టి వెళ్ళిన డబ్బాలు వరసగా ఉన్నాయి, ఎవరి కప్పూ ఎవరూ కడిగి పెట్టక్కర్లేదు. నేను ఇటు కుర్చీలోంచి అటు కుర్చీలోకి మారుతుంటే, “ఒక చోట కూర్చో తమ్ముడూ, నా మడతలు తప్పుతున్నాయి,” అంది. మేఘ కోసం ఫోన్ బల్ల మీద నిలబెట్టి రికార్డు నొక్కి, కథ మొదటి నుంచి చివరిదాకా ఆవిడ ముందే చెప్పాను. పోరిడ్జ్ దగ్గర నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

“అయిపోయిందా?” అంది.

“అయిపోయింది. నువ్వు అవునను, చాలు. పిల్ల క్లాసులో చూపించుకుంటుంది.”

“దేనికి అవుననాలి?”

“యోకుట్స్ ఆచారం నేను చెప్పబట్టే కదా మామ్మగారు పేరు ఎత్తడం మానింది, నువ్వు టికెట్ మానుకుంది.”

అక్క చేతిలో తువ్వాలు పక్కన పెట్టింది.

“ఫోన్ ఆపకు, అలాగే ఉండనీ. నువ్వు నోరు విప్పే నాటికే టికెట్ వద్దని ఎప్పుడో చెప్పేశాను. అత్తయ్య మనింట్లో ఆయన పేరు ఎత్తడం అంతకు ముందే మానేసింది. నువ్వు కాలేజీకి పోయేవాడివి, నీకేం తెలుసు. మధ్యాహ్నం నేను నిద్రపోయాననుకుని అత్తయ్య పక్కింటికి, గ్వెన్ వాళ్ళ వంటింట్లోకి వెళ్ళి కూర్చునేది. అక్కడ కొడుకు పేరు పెట్టి చెప్పుకునేది, పుట్టిన దగ్గర్నుంచీ అన్నీ. గ్వెన్‌కి తెలుగు ముక్క రాదు. గ్వెన్ తన తమ్ముడెవడో గనిలో పోయాడని వెల్ష్‌లో చెప్పేది, ఈవిడకి అదీ రాదు. ఇద్దరూ ఏడ్చుకుని టీ తాగి లేచేవాళ్ళు.”

“ఇదంతా నీకెలా తెలుసక్కా?”

“రెండిళ్ళకీ గోడ ఒకటే. నా మంచం ఆ గోడ పక్కనే. నిద్ర పడితే కదా. ఎదురుగా అంటే వినలేకపోయాను గాని, గోడ అవతల నుంచి ఆయన పేరు వినిపిస్తుంటే పడుకుని వినేదాన్ని. వినకపోతే ఏదో వెలితిగా ఉండేది. అలాంటి మనిషిని పంపేస్తానా?”

నేను ఫోన్ వైపు చూశాను. అది ఇంకా రికార్డు చేస్తూనే ఉంది.

“మరి మొహం కడగడం?” అన్నాను. “గ్వెన్ గిన్నె తెచ్చింది గదా. నేను పిలిస్తేనే గదా వచ్చింది.”

“అత్తయ్య పిలిస్తే వచ్చింది. నీ బావ పోయినప్పటి నుంచీ నువ్వు అన్నం మెతుకు సరిగ్గా ముట్టలేదు. తలుపేసుకుని ఆ కాగితం ముందేసుకుని కూర్చునేవాడివి, లేదంటే వీధులు పట్టుకుని తిరిగేవాడివి. ఆదివారం నువ్వు ఆ ఆచారం గురించి అంత ఆత్రంగా చెబుతుంటే అత్తయ్య నా వంక చూసింది. నువ్వు పైకి వెళ్ళాక, ‘వీడి కోసం చేద్దామే రాహేలూ, లేకపోతే వీడు మనకు దక్కడు’ అంది.”

“నేను అవతలి సగం కదక్కా,” అన్నాను.

“నువ్వెప్పుడయ్యావు అవతలి సగం? గ్వెన్ ముందు కడిగింది అత్తయ్య మొహం కాదు, నాదీ కాదు. నీది. నీ ఏడుపు ఆగక రెండోసారి నీళ్ళు మార్చాల్సి వచ్చింది. అది ఇత్తడి గిన్నె కూడా కాదు, ప్లాస్టిక్‌ది, పట్టుకున్నది నేను.”